గ్రైండర్‌లో పోయిన వేలు

ఇడ్లీకి పిండి రుబ్బుతుంటే మా ఆయన వంటింట్లోకి వచ్చి, "నువ్వు కూర్చో సుందరీ, నేను చూసుకుంటా" అన్నారు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన వంటింటి గడప దాటింది ఫ్రిజ్‌లో చల్లనీళ్ల కోసమే. అలాంటి మనిషి గ్రైండర్ స్విచ్ ఎక్కడుందో వెతుక్కుని ఆపి, కాఫీ కలిపి, గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టారు. చక్కెర వేయడం మరిచిపోయారు. ఇదంతా ఎందుకు చేస్తున్నారా అని ఆలోచిస్తూ ఆ చేదు కాఫీ మొత్తం తాగాను.

కాఫీ ఒక్కటే అయితే ఎండ దెబ్బ తగిలిందేమో అనుకునేదాన్ని. సోమవారం రెండు మూరల మల్లెపూలు తెచ్చారు. మంగళవారం మా వర్క్‌షాపు ఆఫీసు గది తలుపుకు కొత్త బోర్డు బిగించారు: సేఫ్టీ ఆఫీసర్, శ్రీమతి కల్యాణసుందరి నవనీతకృష్ణన్. మెడలో వేసుకోవడానికి ఫోటో ఉన్న కార్డు, తల మీదికి పసుప్పచ్చ టోపీ. మా అత్త జానకమ్మాళ్ అది చూసి, "మా కోడలు ఆఫీసరమ్మ అయిపోయిందే!" అని నా బుగ్గ గిల్లింది. అత్తంటే పరాయిది కాదు, మా నాన్నకు సొంత అక్క. ఆమె నా బుగ్గ ముట్టుకుని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు. అనుమానం ఇంకా గట్టిపడింది.

తమిళనాట తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం మేము. సింగానల్లూరులో మా ఇంటి వెనకే మా పట్టరై. వర్క్‌షాపును ఇక్కడ అందరూ పట్టరై అనే అంటారు. నీళ్ల మోటార్లకు కావలసిన రేకు బిళ్లల్ని ప్రెస్సు మీద నొక్కి తీస్తాం. నాలుగు ప్రెస్సులు, పద్దెనిమిది మంది పనివాళ్లు. ఆ పద్దెనిమిదిలో నేను లేను. హాజరు వేసేది నేనే, కాగితాలు నింపేది నేనే, ఇంగ్లీషు ఉత్తరాలు టైప్ చేసేది నేనే, రెండు పూటలా టీ పెట్టేదీ నేనే. ఎవరైనా రాకపోతే వాళ్ల ప్రెస్సు ముందు కూర్చునేది కూడా నేనే. ఒకసారి జ్వరంతో రాలేనంటే మా ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇంటి మనిషికి లీవేంది సుందరీ?" అన్నారు. ఇంటి పనీ, పట్టరై పనీ ఒకే పెరడులో ఉంటే ఇదే చిక్కు. ఎక్కడికీ వెళ్లినట్టు ఉండదు, ఎక్కడి నుంచీ తిరిగొచ్చినట్టు ఉండదు.

నా కుడిచేతి చూపుడువేలు రెండు కణుపుల మేర లేదు. రెండేళ్ల కింద ఆయుధపూజ అయిన మూడో రోజు పోయింది. ఏటా ఆ పూజకు మిషన్లన్నీ కడిగి, విభూది పట్టెలు పెట్టి, చందనం, కుంకుమ అద్దుతాం. చెయ్యి లోపలికి పోకుండా ప్రెస్సు ముందు ఇనుప జాలీ ఉంటుంది. అది ఉంటే బొట్టు పెట్టడానికి అడ్డమని విప్పి అటక మీద పెడతారు. విప్పడానికి పూజ ఉంది, మళ్లీ బిగించడానికి మాత్రం ఏ పండగా రాదు. జాలీ ఉంటే చెయ్యి నెమ్మదిస్తుంది, ముక్కలు తక్కువ దిగుతాయి. అందుకని అందరూ మరిచిపోతారు, లేదా మరిచిపోయినట్టు ఉంటారు. ఆ వారం మా పనివాళ్లలో పాపమ్మాళ్ తన కూతురి కాన్పుకని పొల్లాచ్చి వెళ్లింది. ఆమె మూడో నంబరు ప్రెస్సు ముందు నేను కూర్చున్నాను. వేలు పోయినప్పుడు మిషను మీద నేను పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

ఆసుపత్రికి వెళ్లే కారులో అత్త నా చేతిని తువ్వాలుతో గట్టిగా చుట్టి పట్టుకుంది. తమిళ డ్రైవరుకు తెలియకూడదని తెలుగులో చెప్పింది. "గ్రైండర్‌లో పడిందని చెప్పు కణ్ణూ. పట్టరై అంటే ఆఫీసర్లు వొస్తారు, పూట్టు వేసి మూసేస్తారు. పద్దెనిమిది ఇండ్ల కూడు." నొప్పితో పళ్లు కరుచుకుని ఉన్నాను. అయినా ఆ మాట వినగానే, వేలు పోయిన మనిషి కడుపు ఆ పద్దెనిమిదిలో ఎందుకు లేదా అని ఒక ఆలోచన వచ్చి పోయింది. డాక్టరు అడిగితే గ్రైండర్ అనే చెప్పాను. ఆయన అదే రాసుకున్నారు.

అప్పటినుంచి అది గ్రైండరే. పట్టరైలో అందరికీ నిజం తెలుసు, ఎవరూ నోరు విప్పరు. పెళ్లిళ్లలో మావాళ్ల ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూస్తారు. "పని చేసేటప్పుడు మనసు పని మీద ఉండాల అమ్మణీ, టీవీ సీరియల్ చూస్తా రుబ్బినావా?" అంటారు. మా ఆయన పక్కనే నిలబడి నవ్వుతారు. ఒకసారి, "చెప్తే వింటేగా!" అని కూడా అన్నారు. వేలు పోయిన నొప్పి మూడు నెలల్లో తగ్గింది. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ మండుతుంది.

ఈ మల్లెపూల వెనక ఏముందో బుధవారం తెలిసింది. పని చోట ప్రాణాలకు రక్షణ గురించి దేశమంతటికీ కొత్త విధానం రాస్తున్నారట. దాని ముసాయిదా పట్టుకుని ఢిల్లీ నుంచి ఒక బృందం ఊరూరా తిరుగుతోంది. పీలమేడులో సభ. చిన్న పట్టరైల సంఘం తరఫున మాట్లాడేది మా ఆయన. సభకు ముందు బృందం ఒక పట్టరై చూడాలంటే, మాదే చూపిస్తానని ఈయనే ఒప్పుకున్నారు. ఉపన్యాసం ఆయన తెలుగులో చెప్పారు, నేను ఇంగ్లీషులో టైప్ చేశాను. మా ఇంట్లో ఎవరికీ తెలుగు రాయడం రాదు. తెలుగులో అన్న మాట నోట్లో పుట్టి చెవిలో పోతుంది, దానికి సాక్ష్యం ఉండదు.

"మా పట్టరైలు కుటుంబాల మాదిరి" అని మొదలుపెట్టారు. ఇంటి ఆడవాళ్లే పనివాళ్లను బిడ్డల్లా చూసుకుంటారట. పదేళ్లలో ఒక్క ప్రమాదం కూడా లేదట. కాబట్టి ముసాయిదాలోని తొమ్మిదో అంశం తీసేయాలట. ఆ అంశం నేను రెండుసార్లు చదివాను. జీతం లేకుండా పనిచేసే ఇంటి మనుషుల్ని కూడా పనివాళ్లుగానే లెక్కించాలి, వాళ్లకు జరిగే ప్రమాదాలను కూడా రిజిస్టరులో రాయాలి. ఢిల్లీలో ఎవరో, నన్ను ఎప్పుడూ చూడనివాళ్లు, నా గురించి రెండు వాక్యాలు రాశారు. వాటిని కొట్టేయమనే ఉపన్యాసం తొమ్మిది వేళ్లతో నేనే టైప్ చేస్తున్నాను.

"ఇది ఏమిటికి తీసేయాల బావా?"

"ఇంటి మనిషి పనిమనిషేంది సుందరీ? అసింగం గదా. పెండ్లాన్ని కూలికి పెట్టినాడని నలుగురూ నవ్వరా?" ఆ గొంతులో ఎంత ప్రేమంటే, నిజంగానే నా పరువు కోసమే అంటున్నారేమో అనిపించింది. క్షణం మాత్రమే. "నువ్వు నా పక్కన ఆ టోపీ పెట్టుకొని నిలబడు, అంతే. నిన్ను చూస్తే వాళ్లకు ఇంగ వేరే సాక్ష్యం వొద్దు."

టైప్ చేసిన కాగితం ఆయనకిచ్చి పట్టరైలోకి వెళ్లాను. అన్ని ప్రెస్సులకూ జాలీలు వచ్చాయి, పసుపు రంగు ఇంకా ఆరలేదు. మూడో నంబరు జాలీ పట్టుకుని ఊపితే ఊగింది. నాలుగు బోల్టులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, అవీ చేత్తో తిప్పితే తిరిగాయి. సూపర్‌వైజర్ మణికందన్ మా ఆయనకు చిన్నాన్న కొడుకు. పిలిచి అడిగాను.

"ఢిల్లీవాళ్లు ఫోటో తీసినంక విప్పాల గదా వదినా. గట్టిగా బిగిస్తే మళ్లా రెండు పనులు" అన్నాడు. దాచాలని కూడా అనిపించలేదు అతనికి. నేనూ ఇంటి మనిషినే కదా.

పాపమ్మాళ్ అదే ప్రెస్సు ముందు కూర్చుని ఉంది. మాటలు తెలుగులో జరిగాయి. ఎంత అర్థమైందో ఏమో, తలెత్తకుండా తమిళంలో అడిగింది. "వచ్చినవాళ్లు పోయాక కూడా ఈ జాలీ ఉంటుందా అమ్మా?" అడిగి నా ముఖం చూడలేదు, నా చెయ్యి చూసింది. నా మెడలో సేఫ్టీ ఆఫీసర్ కార్డు వేలాడుతోంది. "ఉంటుంది" అన్నాను. పంతొమ్మిదేళ్లలో వాళ్లు చెప్పమన్న అబద్ధాలు చాలా చెప్పాను. ఎవరూ చెప్పమనకుండా నాకు నేనుగా చెప్పిన మొదటి అబద్ధం అదే. సిగ్గుతో చచ్చిపోయాను.

గురువారం పదకొండింటికి ఢిల్లీ బృందం నుంచి ముగ్గురు వచ్చారు. పెద్దావిడకు తల నెరిసింది, చేతిలో చిన్న నోటుబుక్కు. ఆవిడను చూసి నాకు పొంగిపోవాలనేమీ అనిపించలేదు. రాసుకుంటుంది, పోతుంది, ఆ నోటుబుక్కు ఏ బీరువాలో పడుతుందో ఎవరికి తెలుసు? మా ఆయన అన్నీ చూపించారు. పసుపు జాలీలు, టోపీలు, చివరికి నన్ను. ప్రమాదాల రిజిస్టరు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. పదేళ్ల పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆవిడ పేజీలు తిప్పుతూ, వాటి అంచున ఆగిన నా చేతిని చూసింది. ఏమైందని ఇంగ్లీషులో అడిగింది.

మావాళ్లకు ఒక అలవాటుంది. పరాయివాళ్ల ముందు ముఖాన నవ్వు చెరగనివ్వకుండా తెలుగులో మాట్లాడుకుంటాం. చీరల కొట్లో, పెళ్లిచూపుల్లో, పనివాళ్ల ముందు. ఎదుటివాళ్లకు కాఫీ సంగతేదో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. మా ఆయన అలాగే నవ్వుతూ నా వైపు తిరిగారు. "గ్రైండరని చెప్పు. చెయ్యి కొంగులో పెట్టుకో."

నా చెయ్యి దానంతటదే కొంగు వైపు పోయింది. సగంలో ఆపాను. అత్త ముఖం కళ్ల ముందుకొచ్చింది. రేపు ఈ ఇంట్లో నాకెవరూ కాఫీ ఇవ్వరని తెలుసు, పుట్టింటికి ఫోన్లు పోతాయని తెలుసు. భయమేసింది. ఆ భయంలోనే మూడో నంబరు ప్రెస్సు దడదడమని చప్పుడు చేస్తూ వినిపించింది.

"ఏమన్నారు మీ ఆయన?" అని ఆవిడ నన్ను అడిగింది.

"కాఫీ తెమ్మన్నానండీ" అన్నారు ఆయన ఇంగ్లీషులో.

"కాదు. గ్రైండర్‌లో పోయిందని చెప్పమన్నారు. చెయ్యి దాచుకోమన్నారు" అన్నాను. ముందు తమిళంలో, పట్టరై అంతటికీ వినబడేలా. తర్వాత ఇంగ్లీషులో ఆవిడకు. "గ్రైండర్ కాదు. ఆ ప్రెస్సు. రెండేళ్ల కింద."

మూడో నంబరు చప్పుడు ఆగింది. పాపమ్మాళ్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తమిళంలో, ఎవరినీ చూడకుండా అంది. "జాలీకి రెండు బోల్టులే ఉన్నాయి. అవి కూడా లూజు."

ఆ మాట కూడా ఢిల్లీ ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ రిజిస్టరు నా వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టింది. బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య పెన్ను ఇరికించుకుని తేదీ రాశాను. మిషను నంబరు రాశాను. పేరు, కల్యాణసుందరి. తర్వాతి గడి, చేసే పని. మా ఆయన నా భుజం దగ్గరికి వంగి, ముఖాన నవ్వు అలాగే ఉంచి, ఎప్పుడూ లేనంత మెల్లగా తెలుగులో అన్నారు. "సుందరీ, వొద్దు."

"వద్దంటున్నారు" అని దాన్ని కూడా తమిళంలో అందరికీ చెప్పి, ఆ గడిలో ప్రెస్ ఆపరేటర్ అని రాశాను.