జానమ్మ ఎటు పడింది

రామన్నపేట స్టాండులో రజాక్ ఆటో ఆగి ఉన్నప్పుడు కూడా నడుస్తూనే ఉంటుంది. అక్కడి ఆటోవాళ్లందరి పద్ధతీ అదే. బండి ఆగి ఉంటే జనం తాపీగా చాయ్ తాగుతారట, కదులుతుంటే పరుగెత్తుకొచ్చి ఎక్కుతారట. అందుకని "పోతాంది, పోతాంది, చౌటుప్పల్!" అని అరుస్తూ బండిని కాస్త ముందుకు దూకించి ఆపుతారు, మళ్లీ దూకిస్తారు. ఎటూ పోని ఈ ప్రయాణానికి నేను రోజూ సాయంత్రం పళ్లు నూరుతూ ఉంటాను. చౌటుప్పల్ నుంచి వచ్చి ఇక్కడి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. రజాక్ బండి తప్ప నాకు దిక్కు లేదు.

జానమ్మకూ అంతే. తెల్లవారగానే ఆకుకూరల గంపతో చౌటుప్పల్ పోయి, ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లకు అమ్ముకొచ్చే పెద్దావిడ. ఒక పొద్దున బండి వెనకాల, డ్రైవరుకు వీపు పెట్టి, వెనక రోడ్డు వైపు చూస్తూ కూర్చునే బల్ల మీద కూర్చుంది. కుక్క అడ్డం వచ్చింది, రజాక్ బ్రేకు కొట్టాడు, జానమ్మ రోడ్డు మీద పడింది, ముంజేయి విరిగింది. ఊరంతా చెప్పుకున్న కథ ఇది. లోపల కూర్చున్నవాళ్లంతా ముందుకు చూస్తున్నారు. వాళ్లకు తెలిసింది బ్రేకు, ఆ వెంటనే కేక.

రజాక్ మంచివాడే. దవాఖానకు తనే తీసుకుపోయాడు. కానీ జానమ్మ కొడుకు డానియల్‌తో ఒక మాటన్నాడు. "అందరు మంచిగనే కూసున్నరన్నా. అవ్వ చేతులల్ల పట్టు పోయింది." డానియల్‌కు అది చాలు. ప్రేమ ఉన్న కొడుకులు ఎంత కఠినంగా ఉండగలరో! "ఇంక ఇంట్ల కూసో," అని గంపను అటకెక్కించాడు.

నేను చూసిరావడానికి వెళ్తే జానమ్మ గుమ్మంలో కూర్చుని, కట్టు లేని చేతిని ముడిచి విప్పి చూసుకుంటోంది.

"నిజమేనేమో టీచరమ్మా. పట్టు పోయినట్టున్నది. నాకే ఎర్కలే," అంది.

విరిగిన ఎముక అతుక్కుంటుంది. తన చేతుల మీద తనకే నమ్మకం పోతే ఎవరు అతికిస్తారు? నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి వారం తొమ్మిదో తరగతిలో జడత్వం పాఠం. కదిలేది కదులుతూనే ఉండాలని చూస్తుంది, ఆగినది ఆగే ఉండాలని చూస్తుంది, బయటి నుంచి ఏదో ఒక బలం వచ్చి మార్చేదాకా. పరీక్ష అట్ట మీద రబ్బరును నిలబెట్టి, అట్టను బల్ల మీద మెల్లగా లాగి ఠక్కున ఆపాను. రబ్బరు ముందుకు పడింది.

"ఆటోల బ్రేకు కొట్టినట్టే," అన్నారు వెనక బెంచీవాళ్లు. "జానమ్మవ్వ గట్లనే పడ్డది."

మొదటి బెంచీలోంచి సమీరా లేచి వచ్చింది. రజాక్ కూతురు. రబ్బరును అట్ట వెనక అంచున నిలబెట్టింది. అట్టను లాగి ఆపింది. రబ్బరు అట్ట మధ్యకే ఒరిగింది. మళ్లీ నిలబెట్టి, ఈసారి ఆగి ఉన్న అట్టను ఒక్క గుంజు గుంజింది. రబ్బరు వెనక్కి, బల్ల మీదికి పడిపోయింది.

"బ్రేకు కొడితే బండి పొయ్యే దిక్కుకే కదా టీచర్ ఒరిగేది? అవ్వ వీపు సీటుకు ఆనాలె. రోడ్డు మీదికి ఎట్ల పడ్డది?"

అడిగాక ఆ పిల్ల ముఖం పాలిపోయింది. జవాబు తన ఇంట్లోనే ఉందని అప్పుడే తెలిసింది.

"ఒక్కోపారి వేరే తీరుగ గూడ అయితదా టీచర్?"

ఔనంటే ఊపిరి పీల్చుకునేది. కానీ ఈ శాస్త్రానికి మొహమాటాలు లేవు. "కాదమ్మా," అన్నాను.

సాయంత్రం స్టాండుకు నా వెంటే వచ్చింది. ఇంకా జనం చేరలేదు. నేను లోపల కూర్చున్నాను. సమీరా వెనక బల్ల ఎక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అబ్బా, జర ముందుకు పోయి బ్రేకు కొట్టు," అంది తండ్రితో.

"ఏం ఆటలివి?" అని నవ్వుతూనే రజాక్ మెల్లగా కొంత దూరం పోనిచ్చి కొట్టాడు. నా నుదురు ముందున్న కమ్మీకి తగిలింది. పాఠం కోసం అదీ భరించాను. సమీరా వీపు సీటుకు ఆనుకుంది, అంతే.

"నేను పడలే. ఇప్పుడు జనాన్ని ఎక్కించుకునేటప్పుడు దూకిస్తవు చూడు, గట్ల తియ్యి."

"కమ్మీ పట్టుకో."

"అవ్వ గంప సదురుకుంట పట్టుకోలేదేమో. నేను గూడ పట్టుకోను. తియ్యి."

రజాక్ చెయ్యి హ్యాండిల్ మీద అలాగే ఉండిపోయింది.

"వద్దు బిడ్డా, పడతవు," అన్నాడు.

అన్నాక, తనేమన్నాడో తనకే వినిపించింది. ఇంజన్ ఆపేశాడు.

"కుక్క వచ్చింది టీచర్, అబద్ధం కాదు," అన్నాడు. "గని అంతకు ముందే దూకించిన. నాకు బ్రేకే యాదికున్నది."

నేను నమ్మాను. మనకు అనుకూలమైనదాన్నే గుర్తుంచుకోవడంలో అందరం ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లమే.

జనాన్ని ఎక్కించుకోకుండా బండిని నేరుగా జానమ్మ ఇంటికి తిప్పాడు. గుమ్మం ముందు నిలబడి, తల దించుకునే చెప్పాడు.

"డానియలన్నా, అవ్వ చేతులు మంచిగున్నయి. ఆమె సక్కగ కూసోక ముందే నేను బండి దూకించిన. తప్పు నాది."

డానియల్ కోపంతో మీదికి వచ్చాడు. "గిన్ని దినాల సంది మా అమ్మను..."

"నువ్వాగు," అంది జానమ్మ. రజాక్‌ను దగ్గరికి పిలిచి, మంచి చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. ఏళ్ల తరబడి ఆకుకూర కట్టలు బిగించిన చెయ్యి అది.

"ఉన్నదారా పట్టు?"

"ఉన్నది అవ్వా."

ఇంకా బిగించింది. రజాక్ మెలికలు తిరిగాడు. "అమ్మో, ఉన్నది, ఉన్నది!"

వెనక నిలబడ్డ సమీరా అప్పుడు నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. జానమ్మ కళ్లలోనూ నీళ్లే. అయినా ఆ మణికట్టు వదలకుండానే కొడుకు వైపు తిరిగింది.

"డానియలూ, గంప దించు."