రెండు తులాలు ఎక్కువ

జరీ దొంగిలించి నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చిన పుల్లయ్యకు ధర్మవరంలో నేతకు పట్టు ఇచ్చే నాథుడు లేకపోయాడు. రెండు నెలలు గడప గడపా తొక్కాడు. మొగమాటానికి మజ్జిగ ఇచ్చినవాళ్ళున్నారు గానీ, పని మాట ఎత్తేసరికి అందరికీ ఎక్కడలేని తొందర పనులూ గుర్తొచ్చేవి. భార్య చౌడమ్మ, సొంత మగ్గాలున్న గోవిందమ్మ ఇంట్లో కండెలకు పట్టు చుట్టి తెచ్చే రాగులతోనే పొయ్యి వెలిగేది. ఆ సంగటి ముందు కూర్చున్నప్పుడల్లా పుల్లయ్యకు చచ్చిపోవాలనిపించేది.

చివరికి షావుకారు లక్ష్మీనరసయ్య, అందరూ వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, ఒక్క చీరకు సరిపడా వంగపండు రంగు పట్టు తూచి ఇచ్చాడు. ఇది సరిగ్గా వస్తే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. ఇచ్చిన పట్టు ఎంతో, నేసి తెచ్చిన చీర అంత తూగాలి. ఆ ఊళ్ళో మనిషి మంచిచెడ్డలు తేల్చేది ఆ త్రాసే.

పుల్లయ్య ప్రాణం పెట్టి నేశాడు. అయితే నాలుగేళ్ళూ జైల్లో ముతక జంఖానాలు నేసిన చెయ్యి అది. అడ్డపోగు పేకను గట్టిగా కొట్టడం అలవాటైపోయింది. పట్టును అట్లా కొడితే గజానికి పట్టే పోగులు పెరుగుతాయి. ఆ సంగతి తెలిసొచ్చేసరికి, చీర ఇంకా అరగజం ఉండగానే పేక పట్టు కాస్తా అయిపోయింది.

అతను మగ్గం గుంటలో కూలబడ్డాడు. ఉన్నదున్నట్టు షావుకారుకు చెబుదామన్నాడు. తూస్తే పట్టంతా చీరలోనే ఉందని తేలుతుంది కదా అన్నాడు. చౌడమ్మ ఒప్పుకోలేదు.

"కురచ చీర చూసినాక తూకం దాకా ఎవురాగుతారు? మళ్ళా తీసినాడనే అంటారు."

మర్నాడు సాయంత్రం అదే రంగు పట్టు కొంచెం తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. ఎవరో తెలిసినవాళ్ళ దగ్గర బదులు తెచ్చానంది. పుల్లయ్య ఇంకేమీ అడగలేదు. నిజానికి అడగడానికి భయపడ్డాడు.

చీర పూర్తిచేసి ఇద్దరూ షావుకారు అంగడికి పోయారు. లక్ష్మీనరసయ్య నేత చూసి మెచ్చుకుని త్రాసులో వేశాడు. రెండు తులాలు ఎక్కువ తూగింది. తడి చేశారేమోనని మడతలు విప్పి నిమిరి చూశాడు. పొడిగానే ఉంది. నిడివి తక్కువైందన్న భయంలో, తూకం ఎక్కువవుతుందన్న సంగతి మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరికీ తట్టలేదు.

"పొద్దున్నే గోవిందమ్మ వచ్చి ఏడ్చి పోయింది, పుల్లయ్యా. వాళ్ళకు నేనిచ్చిన వంగపండు పట్టులో రెండు తులాలు తగ్గిందంట. నేనిచ్చిందాని కంటే నీ చీర ఎట్ల ఎక్కువ తూగుతాండాది?"

పుల్లయ్య చౌడమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు చీర మీద నుంచి లేవలేదు. నాలుగేళ్ళు కండెలు చుట్టే ఆ చేతులతోనే ఒంటరిగా బతుకీడ్చింది. వాటికి దొంగ పేరు వస్తే ఊళ్ళో ఎవరూ పట్టు ముట్టనివ్వరు. తనకు ఆ పేరు ఎట్లాగూ ఉంది.

ఆమె నోరు తెరవబోయింది. పుల్లయ్య అడ్డం వచ్చాడు.

"నేనే తీసినా, సామీ. దీనికేం తెలీదు."

లక్ష్మీనరసయ్య తిట్టినా బాగుండేది. నీ కోసం అందరితోనూ మాటలు పడ్డానే అని మాత్రం అని, పోలీసులను పిలుచుకురమ్మని గుమాస్తాను పంపాడు. చౌడమ్మ గడప దగ్గర కొయ్యబారి నిలబడిపోయింది. ఆమె మొగం చూడకుండానే పుల్లయ్య అన్నాడు.

"నువ్వింక పో. గోవిందమ్మ ఇంట్లో కండెలు చుట్టే యాళయింది."