ఎత్తిన కాళ్లు

తడిగుడ్డతో కుర్చీ దాకా రాగానే మా ఆయన కాళ్లు పైకెత్తారు. చూపు మాత్రం పుస్తకంలోంచి ఎత్తలేదు. పన్నెండేళ్లుగా ఇదే వరస. కొత్తలో దానికే మురిసిపోయేదాన్ని, పాపం నాకు అడ్డం రాకూడదనే కదా అని.

ఆయన లెక్చరర్. "పుస్తకం చదివేవాడు చెడిపోడు, మంచి మనిషవుతాడు" అని ప్రతి సభలోనూ చెబుతారు. ఇవాళ సాయంత్రం కూడా చెప్పాలి. నేను బైండింగ్ షాపులో పుస్తకాలు కుడతాను. పదహారు పేజీలు ఒక ఫారం. కుడుతూ కంటబడిన ముక్కనల్లా చదువుతాను. మొదలు దొరికితే చివర దొరకదు. "దాన్ని చదవడం అనరు, మేయడం అంటారు" అని నవ్వుతారాయన. నిజం చెప్పొద్దూ, ఆ మేత నాకు బాగానే వంటబట్టింది.

ఆయన చేతిలో ఉన్నది మిగిలిపోయిన ఫారాలు ఏరుకుని నాకోసం నేను కుట్టుకున్న పుస్తకం. ఇంటి చాకిరీ మీద ఎవరో ఆవిడ రాసింది. ఒక్కదాన్నయినా మొదటి నుంచి చివరిదాకా చదవాలని నా ఆశ. "ఓసారి చూసిస్తా" అని తీసుకుని పదిహేను రోజులైంది. తొంగిచూశాను. 'ఆమె పనికి సెలవు లేదు' అన్న మాట కింద ఎర్ర పెన్సిల్‌తో రెండు గీతలు.

"ఎంత గొప్పగా రాసింది!" కళ్లు తుడుచుకున్నారు. "కాస్త టీ పెడతావా?"

అది దొంగ ఏడుపు కాదు, నిజంగానే కదిలిపోయారు. అందుకే నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

టీ తాగి ఆయన స్నానానికి వెళ్లారు. పుస్తకం తీసుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాను. వంటింటి గడప మీద అత్తయ్య ఉంది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. షాపు నుంచి ఆలస్యంగా వస్తే నాకు అన్నం మూతపెట్టి ఉంచేది మాత్రం ఆవిడే.

"చదువుకో అమ్మాయ్. మిగతా సగం ఇల్లు ఎక్కడికీ పారిపోదులే" అంది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. "అదేంటి, తుడవడం సగంలో వదిలేశావ్? సాయంత్రం మాట్లాడాలి, ఆ పుస్తకం ఇటివ్వు."

"నాకింకా మొదటి ఫారమైనా అవలేదు" అన్నాను.

"ఒరేయ్, సాయంత్రం ఇంకా చాలా దూరముంది" అంటూ అత్తయ్య బకెట్ ఆయన వైపు జరిపింది. "ఇన్ని చదివావు, గుడ్డ పిండడం ఏ పుస్తకంలోనూ లేదట్రా?"

ఆయన కాసేపు తల్లిని, కాసేపు నన్ను చూశారు. తర్వాత లుంగీ ఎగ్గట్టారు.

నేను నాలుగో పేజీ తిప్పుతుండగా తడిగుడ్డ కుర్చీ దాకా వచ్చింది. చూపు ఎత్తకుండా, కాళ్లు పైకెత్తాను.