పందిట్లో సూర్యం

ఉత్తరాదిన ఉక్కు కర్మాగారం పక్కనున్న భాలుబాసా బస్తీలో, తెలుగువాళ్ల వినాయక చవితి పందిట్లో ఆ ఏడు యుద్ధం బొమ్మ పెట్టాలని కమిటీ పెద్ద సీతారామరావు పంతం పట్టాడు. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి ఇంకా ఏడాది కాలేదు. బస్తీ కుర్రాడు సూర్యం అందులో చనిపోయాడు. అతని పక్కనే ఉండి, కాలికి గుండు తగిలి తిరిగొచ్చిన పోలరాజు పటాలానికి వెళ్లక ముందు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఇంకేం, కుంచె అతనికే ఇచ్చారు.

సూర్యం ఛాతీ విరుచుకుని శత్రువు ట్యాంకు మీద కాలు పెట్టాలట, వెనక జెండా ఎగరాలట. యుద్ధాన్ని రేడియోలో వినడమే తప్ప ఎరగని మనిషికి ఎన్ని ముచ్చట్లో! ట్యాంకూ జెండా ఇట్టే వచ్చేశాయి. ముఖం దగ్గర పోలరాజు చెయ్యి మొరాయించింది.

సూర్యం తల్లి నూకాలమ్మ ఇంతవరకూ కంట తడి పెట్టలేదు. పెట్టనిస్తేగా! వీరుడి తల్లివి, ఏడవకూడదని వచ్చినవాళ్లంతా చెప్పి వెళ్లారు. ఆవిడ తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. ఇలాగైతే మనిషి దక్కదని పోలరాజుకి బెంగ. తన బొమ్మ కూడా అదే మాట చెబితే ఆవిడ నోరు నొక్కేసినట్టే. ఉండబట్టలేక అంతా తెల్లరంగు పూసేసి మళ్లీ మొదలెట్టాడు.

చవితినాడు బొమ్మ మీది ముసుగు తీశారు. బురద గోతిలో ముడుచుకు కూర్చున్న కుర్రాడు. ఇనుప టోపీ కింద చెవులకి చుట్టుకున్న తువ్వాలు, కళ్లనిండా భయం. పిరికివాణ్ని గీసి బస్తీ పరువు తీశావని సీతారామరావు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. వెంటనే దించమని నిచ్చెన తెప్పించాడు.

ఈలోగా నూకాలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బొమ్మని చూసి పోలరాజు వైపు తిరిగింది.

"బయపడ్డాడేటి బాబూ, నా గుంటడు?"

"రాత్రంతా వొణికిపోనాడు పిన్నీ. నానూ వొణికినాను. తెల్లారి దాడికి లెగమన్నపుడు మాత్రం ముందు ఆడే లెగిసినాడు."

"అమ్మా అన్నాడా?"

"అన్నాడు."

ఆవిడ బొమ్మ బుగ్గ మీద చెయ్యి వేసి గొల్లుమంది. పందిరి అదిరిపోయేలా, కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కుతూ ఏడ్చింది. నిచ్చెన ఎక్కినవాళ్లు మెల్లగా దిగిపోయారు. సీతారామరావు తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు.

పోలరాజు కుంటుకుంటూ వెళ్లి ఆవిడ పక్కన కూలబడ్డాడు. పెదవి బిగపట్టి ఎటో చూస్తున్నాడు. నూకాలమ్మ అతని తల దగ్గరికి తీసుకుంది.

"నువ్వూ ఏడువు నాయినా" అంది. "ఇక్కడెవులూ ఏటీ అనరు."