ఆదివారం నీళ్ళు

నేను ఒక కాలేజీలో టైంటేబుల్ వేస్తాను. నలభై రెండు తరగతులు, ముప్పై ఒక్కమంది మాస్టర్లు, రెండే ల్యాబులు. ఒకాయన పొద్దున పదిలోపు నోరు తెరవనంటాడు, ఇంకొకావిడ మధ్యాహ్నం మూడు దాటితే నిలబడలేనంటుంది, ఇద్దరికీ మళ్ళీ ఒకే ల్యాబు కావాలి. ఇలాంటివాళ్ళందరినీ ఒక్క కాగితం మీద కూర్చోబెట్టి పదకొండేళ్ళుగా నెట్టుకొస్తున్నాను. అంతటి నాకు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారును సర్వీసుకి పంపడానికి ఒక తారీఖు కుదరలేదు. కారణం మా మామయ్య.

కారు కరెంటుది. కొని శుక్రవారానికి ఏడాది. బ్యాటరీకి ఎనిమిదేళ్ళ వారంటీ ఇచ్చారు గానీ, ఏడాదికోసారి కంపెనీ వర్క్‌షాపులోనే సర్వీసు చేయించాలని, గడువు దాటితే ఆ వారంటీ చెల్లదని పుస్తకంలో రాసి ఉంది. కరెంటు కారులో బ్యాటరీ పోతే ఇక మిగిలేది నాలుగు సీట్లూ ఒక హారనూ. ఈ మాట మామయ్యకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పేపరు తిరగేశారు.

మా ఆయన రైలు డ్రైవరు. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటాడో ముందు రోజు దాకా ఆయనకే తెలియదు. నాకు కాలేజీ. పనిరోజుల్లో కారు తీసుకెళ్ళగలిగింది మామయ్య ఒక్కరే. మొదటిసారి తారీఖు తీసుకుంటే, మోకాలు నొప్పి అన్నారు. ఆ సాయంత్రమే కూరల సంచీతో రెండు మైళ్ళు నడిచొచ్చారు. రెండోసారి, ఆ రోజు క్షవరం చేయించుకోవాలన్నారు. ఆయన తల మీద ఉన్న వెంట్రుకలకి మంగలి అరగంట కూడా తీసుకోడు. మూడోసారి నాతో చెప్పకుండా తనే వర్క్‌షాపుకి ఫోన్ చేసి, కారు ఊళ్ళో లేదని రద్దు చేయించేశారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఆ కారుకే ఆనుకుని నిలబడి ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇదంతా పౌరుషం అనుకున్నాను. మామయ్య ముప్పై అయిదేళ్ళు షెడ్డు నడిపిన మెకానిక్కు. బానెట్ మీద చెవి పెట్టి విని, ఇంజన్‌లో ఏ మూల ఏం జరుగుతోందో చెప్పేవారు. అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. ఇంటి బండి మీద పరాయి చెయ్యి పడనిచ్చింది లేదు. అలాంటాయన్ని, కారు తీసుకెళ్ళి ఇంకొకళ్ళ చేతిలో పెట్టి సోఫాలో కూర్చోమంటే మనసెలా ఒప్పుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాకు కారు నేర్పింది ఆయనే. ఈ ఇంటికొచ్చిన కొత్తలో నాకు బానెట్ ఎటునుంచి తెరుచుకుంటుందో కూడా తెలియదు. ఆదివారం పొద్దున ఏడింటికి ఆయన పాత పెట్రోలు కారు బానెట్ ఎత్తి పట్టుకునేవారు, నేను కాఫీ గ్లాసులతో వెళ్ళేదాన్ని. ఆయిలు చూడటం, బెల్టు నొక్కి చూడటం, సీసాలో నీళ్ళు తగ్గితే గీత దాకా పొయ్యడం. పోసేవి కాచి చల్లార్చిన నీళ్ళే అయ్యుండాలి. ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా ఆ మర్యాద లేదు. మిగతా వారమంతా ముక్తసరిగా ఉండే మనిషి ఆ అరగంటా గలగలా మాట్లాడేవారు. మా అత్తయ్య ఉన్నన్నాళ్ళూ దాన్ని మామాకోడళ్ళ కచేరీ అనేది. పదకొండేళ్ళలో మేము ఆ కచేరీ మానింది, నా పురిటికి ఒక్కసారి, అత్తయ్య పోయినప్పుడు ఒక్కసారి.

కొత్త కారు వచ్చిన మొదటి ఆదివారం కూడా ఆయన బానెట్ ఎత్తారు. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత. బెల్టు లేదు, ఆయిలు పుల్ల లేదు, వినడానికి చప్పుడూ లేదు. కాసేపు చూసి, "ఇక్కడ మనకి పనేం లేదమ్మాయ్," అని మూసేశారు. మళ్ళీ ఆదివారం బయటికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

గడువు దగ్గరకొచ్చింది. మంగళవారం సాయంత్రం నేనే ఫోన్ చేసి, శుక్రవారం తొమ్మిదిన్నరకి తారీఖు తీసుకుని, కాలేజీకి సెలవు పెట్టేశాను. ఇంక మోకాళ్ళతో, మంగలితో నాకు పనిలేదు. వర్క్‌షాపు వాళ్ళు ఫోన్‌కి ఒక ఫారం పంపారు. మామయ్య ఎదురుగా కూర్చునే నింపుతున్నాను. ఒక ప్రశ్న పైకి చదివాను.

"బయటివాళ్ళెవరైనా కారు విప్పారా, ఏదైనా ద్రవం కలిపారా అని అడుగుతున్నారు."

మామయ్య గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం నేను కళ్ళారా చూశాను.

"ఏం చేశారు మామయ్యా?"

ఆయన లేచి, నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళి బానెట్ ఎత్తారు. ఒక పక్కన చిన్న సీసా ఉంది.

"ఇది బ్యాటరీని చల్లగా ఉంచేది. కొన్నప్పుడు సిరా రంగులో ఉండేది. నువ్వు సర్వీసు మాట ఎత్తినప్పుడు ఒకసారి చూద్దామని తీశాను. ఇప్పుడు చూడు, ఎలా వెలిసిందో. నీళ్ళు కలిశాయి. దీంట్లో నీళ్ళు పొయ్యకూడదని మూత మీదే రాశారు. ఆ అక్షరాలు చదవడానికి నాకు భూతద్దం కావాల్సొచ్చింది."

పోసింది నేను. నాలుగు ఆదివారాలు, కాచి చల్లార్చినవి, కొంచెం కొంచెం. నన్ను చూస్తూ కూడా ఆయన ఎవరు పోశారని అడగలేదు.

"తెలిసి నన్ను అడగలేదేం?" అన్నాను.

"అడిగేదేముంది. సీసా కనిపిస్తే గీత దాకా పొయ్యమని నేర్పిందెవరు? నేనేగా. నేర్పింది నేర్పినట్టు చేశావు. అందులో నీ తప్పేముంది, పాఠమే తప్పు."

అప్పుడు మొత్తం బయటపడింది. మోకాలు, క్షవరం, ఊళ్ళో లేని కారు, అన్నీ ఇందుకే. ఎవరికీ తెలియకుండా ఆ ద్రవం మార్చేద్దామని ఆయన మూడు దుకాణాలు తిరిగారట. అది బయట దొరకదట, కంపెనీవాళ్ళే పొయ్యాలట.

"శుక్రవారం నేనే పోశానని చెప్తాను, నువ్వు నోరు మెదపకు. ముసలాడు చాదస్తంకొద్దీ పోశాడంటే ఎవరూ ఆరా తియ్యరు," అన్నారు. తర్వాత బానెట్ మూస్తూ, మామూలు మాట అన్నట్టే అన్నారు. "అయినా ఇక నాకొచ్చిన పని బండ్లు పాడుచెయ్యడానికే పనికొచ్చేట్టుందిలే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే జరిగింది అది కాదు. ఆ సీసాలో ఏమీ పొయ్యక్కర్లేదని నాకు తెలుసు. కారు ఇచ్చిన రోజే షోరూం అబ్బాయి చెప్పాడు. కాసిని మంచినీళ్ళు పోస్తే ఏం కొంప మునుగుతుందని మాత్రం అనుకున్నాను. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తిన చప్పుడు వింటే మామయ్య పేపరు పక్కన పెట్టి బయటికొస్తారని ఎత్తాను. రాలేదు. ఊరికే తెరిచి మూస్తే పిచ్చిదాన్నంటారని కాసిని పోశాను. గట్టిగా మూశాను. పై వారం ఇంకా గట్టిగా మూశాను.

ఈ సంగతి అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కోప్పడమంటే పది నిమిషాలు ఆగకుండా కోప్పడగలను, ఇలాంటివి చెప్పడానికి మాత్రం నాకు నోరు పెగలదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

శుక్రవారం ఇద్దరం వెళ్ళాం. వర్క్‌షాపు నేల ఆసుపత్రి నేలలా తెల్లగా ఉంది. ఎక్కడా ఆయిలు మరక లేదు, సుత్తి చప్పుడు లేదు. నేల మీద పసుపు గీత గీసి, కార్లవాళ్ళని దాని ఇవతలే ఉండమంటున్నారు. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బూటు కొనలు గీతకి ఆనకుండా నిలబడ్డారు.

మా కారు చూడటానికి వచ్చిన మెకానిక్కు ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. చేతులకి మోచేతులదాకా రబ్బరు గ్లవుజులు. మామయ్యని చూసి ఆగిపోయింది.

"మీరు చెవి మేస్త్రిగారు కదండీ? మా నాన్న టాక్సీ నడిపేవాడు. మీరు చెయ్యి పెట్టని బండి ఎక్కేవాడు కాదు. మీరు బానెట్ మీద చెవి పెట్టి వింటుంటే, మేము గోడ మీద కూర్చుని చూసేవాళ్ళం. నేను ఈ పనిలోకి వచ్చానంటే అదే కారణం."

"టాక్సీ... ఎడమ తలుపు తాడుతో కట్టి ఉండేది, అదేనా?" అన్నారు మామయ్య.

"అదేనండీ." ఆమె నవ్వి, "గీత దాటి రండి, మీకేంటి," అంది.

మామయ్య గీత దాటారు. ఏడాదిగా ఆయన అంత నిటారుగా నిలబడటం నేను చూడలేదు. ఈమె ముందు ఆ అబద్ధం ఎలా చెప్తారా అనుకున్నాను. ఆ అమ్మాయి బానెట్ ఎత్తింది. సీసా చూసి ముఖం చిట్లించింది.

"ఇందులో ఎవరైనా నీళ్ళు పోశారా?"

"నేనే పోశాను," అన్నారు మామయ్య, తడుముకోకుండా.

"మీరా?"

"నేనే. పాత అలవాటు."

 ఆమె తల వంచుకుని, ఫిల్లర్‌తో నాలుగు చుక్కలు తీసి, అరచేతిలో పట్టే మీటరులో వేసింది. ఈ ద్రవంలోంచి కరెంటు పారకూడదట, నీళ్ళు కలిస్తే పారుతుందట. అంకె చూసి ఊపిరి వదిలింది.

"హద్దు దాటింది గానీ మరీ ఎక్కువేం కాదండీ. మొత్తం తీసేసి కొత్తది నింపుతాం. గడువు లోపే వచ్చారు, దాచకుండా చెప్పారు. వారంటీకి ఢోకా లేదు. ఇంకో ఆర్నెల్లు ఇలాగే తిప్పుంటే మాత్రం ఏమీ చెప్పలేకపోయేదాన్ని."

గండం గడిచింది. ఇక నేను నోరు మూసుకుంటే అందరూ క్షేమంగా ఇంటికెళ్ళచ్చు. కానీ మామయ్య ఎవరూ చెప్పకుండానే, ఒక్కో అడుగు వెనక్కి వేసి, మళ్ళీ పసుపు గీత ఇవతలికి వచ్చి నిలబడ్డారు. అంతకుముందు ఆయన్ని అంత గొప్పగా చూసిన పిల్ల ఇప్పుడు ఆయన వైపే చూడకుండా ఫారంలో రాసుకుంటోంది. 

"ఆయన కాదమ్మా పోసింది, నేను," అన్నాను.

"నిన్ను ఊరుకోమన్నానా," అన్నారు మామయ్య.

"పోసింది నేనే. రాసుకో."

"సరే, పోసింది తనే. కానీ నేను నేర్పిందే చేసింది. నా పేరే రాయి తల్లీ. తెలియని కాలంలో నేర్పిన చదువు..."

"మీరు నేర్పినందుకు కాదు మామయ్యా." నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "దాంట్లో ఏం పొయ్యక్కర్లేదని నాకు తెలుసు. బానెట్ తీసిన చప్పుడు వింటే మీరు బయటికొస్తారని తీశాను. నాలుగు వారాలు తీశాను. మీరు రాలేదు."

ఆ అమ్మాయి ఫారంలోంచి తలెత్తి, మళ్ళీ వెంటనే దించుకుంది. మామయ్య నన్నే చూస్తున్నారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. పెట్టుకుని మళ్ళీ తీశారు.

"దానికి బానెట్ ఎత్తాలటే? పిలిస్తే వచ్చేవాణ్ణిగా," అన్నారు.

"పిలిస్తే వస్తారు. పిలవకుండా వచ్చేవారు కదా, అదీ."

 ఆయన నా తల మీద చెయ్యి వేసి తీసేశారు. తర్వాత గీత దాటి ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి, ఆ సీసా ఎలా ఖాళీ చేస్తారో, గాలి బుడగలు ఎలా తీస్తారో చూపించమన్నారు. ఆమె స్టూలు తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. రెండు గంటలసేపు ఆమె పక్కనే నిలబడి, ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని అడుగుతూనే ఉన్నారు. నేను సోఫాలో కూర్చుని, వాళ్ళిచ్చిన చప్పటి కాఫీ రెండు కప్పులు తాగాను. అంత మంచి కాఫీ నేనెప్పుడూ తాగలేదనిపించింది.

పని అయ్యాక, వచ్చే ఏడాది తారీఖు ఇప్పుడే రాసుకోమంటారా అని ఆ అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోగా మామయ్య అందుకున్నారు.

"రాసుకో తల్లీ. ఏ రోజైనా సరే, ఆదివారం మాత్రం వద్దు."

"ఆదివారం మాకు సెలవేనండీ."

"మీకు సెలవు," అన్నారు మామయ్య, తాళాలు నా చేతిలో పెడుతూ. "మాకు పనుంటుంది."