నిచ్చెన ఏ వైపు

ఇసోబె కినుయే బొమ్మ రైళ్ళు అమ్ముతుంది. అయితే ఆమె కొట్టులో ఆ మాట ఎవరూ అనకూడదు. బొమ్మ అంటే పిల్లలు ఆడుకునేది. ఇవి అసలు బండిని నూట యాభయ్యో వంతుకు కుదించిన నమూనాలు. ఈ తేడా తెలియని వాళ్ళు మనవడి పుట్టినరోజుకు వచ్చి ఒక పెట్టె కొనుక్కుని పోతారు. తెలిసిన వాళ్ళు ముప్ఫై ఏళ్ళు వస్తూనే ఉంటారు. అందుకని కినుయే ఆ తేడాను ఎంతో గౌరవిస్తుంది.

భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన రైళ్ళ మీద ప్రేమతో కొట్టు పెట్టి, వచ్చిన సరుకును తనే విప్పి పట్టాల మీద పరిగెత్తిస్తూ కూర్చునేవాడు. ఆమె ఇంతవరకు ఒక్క పెట్టె కూడా విప్పలేదు. కొట్టు అప్పటికంటే బాగానే నడుస్తోంది.

ఆ మే నెలలో టోక్యో కంపెనీ నుంచి ఒక రంగుల కాగితం వచ్చింది. ఉరానో లైనులో తిరిగిన మూడో నంబరు బండిని నమూనాగా తెస్తున్నామని, నవంబరులో కొట్లకు చేరుతుందని అందులో ఉంది. అతికించడాలు, రంగులు వెయ్యడాలు ఏమీ లేవు. పెట్టె విప్పి పట్టాల మీద పెడితే చాలు, పరిగెత్తుతుంది.

ఉరానో లైను రేవు నుంచి కొండ ఊరి దాకా ఉండేది. మూసేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. మూడో నంబరు ఒంటిపెట్టె డీజిల్ బండి, ముందు మొహం పక్కన పైకప్పుకు ఎక్కే ఇనుప నిచ్చెన. కొట్టు వెనక గదిలో ప్రతి ఆదివారం చేరే పదకొండు మంది సంఘం వాళ్ళు, ఈ బండిని తయారు చెయ్యండి మహాప్రభో అని ఇరవై ఏళ్ళుగా ఆ కంపెనీకి కార్డులు రాస్తున్నారు. కోరిక తీరింది కదా, సంబరపడాలి. వెనక గదిలో మాత్రం ఎవరో పోయినట్టు టీ తాగారు.

కారణం డాక్టరు త్సుబోయి. ఆయన పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం మంది పళ్ళు అరగదీసిన పనిముట్లతోనే, ఆరేళ్ళు కూర్చుని, ఇత్తడి రేకుతో మూడో నంబరు బండిని స్వయంగా చేశాడు. ప్రపంచం మొత్తానికి అది ఒక్కటే. ఆయన నెలకోసారి దాన్ని వెల్వెట్ పెట్టెలో తెచ్చి నడిపిస్తే మిగతా పదిమంది చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు. ఇప్పుడు పన్నెండు వేల యెన్ జేబులో ఉన్న ప్రతివాడి దగ్గరా మూడో నంబరు బండి ఉంటుంది. ఆరేళ్ళ తపస్సుకు ఎవరో ధర చీటీ అంటించినట్టయింది.

కినుయే ఇవన్నీ ఆలోచించకుండా కంపెనీని నలభై బళ్ళు పంపమని అడిగిందని కాదు. ఈ వ్యాపారంలో అడిగిన సరుకు వాపసు పోదు. ఆమె లెక్క ఆమెకుంది. పదకొండు మందీ తలా రెండు కొంటారు, ఒకటి నడపడానికి, ఒకటి విప్పకుండా దాచుకోవడానికి. ఆ అలవాటును ఆమె భర్త పిచ్చి అనేవాడు, తనకూ ఉన్నా. మిగతావి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కొంటారు, చిన్నప్పుడు ఆ బండిలో బడికి వెళ్ళినవాళ్ళు. కాకపోతే వాళ్ళు కొనేముందు సంఘాన్ని అడుగుతారు. సంఘం డాక్టరుగారిని అడుగుతుంది. అంటే నలభై పెట్టెల బరువూ ఒక్క మనిషి నాలుక మీద ఉంది. ఆ సరుకు అమ్ముడుపోకపోతే కొట్టు ఆ చలికాలం దాటదు.

సెప్టెంబరులో కంపెనీ తొలి నమూనా ఫొటో పంపింది. ఆదివారం డాక్టరుగారు నుదుటి మీది భూతద్దం కళ్ళ మీదికి దించి, పుచ్చు పన్ను కోసం వెతికినట్టు ఆ ఫొటోను మూలమూలా వెతికాడు. నెమోటో పక్కన నిలబడి దీపం పట్టుకున్నాడు. పోస్టాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైనవాడు, ఎవరైనా ఒక మాట అంటే దానిమీద ముద్ర వెయ్యడం అతని అలవాటు. కిటికీలు సరిగ్గానే ఉన్నాయి. ఎరుపు కూడా సరైన ఎరుపే. డాక్టరుగారి మొహం వాడిపోతూ వచ్చింది. ఉన్నట్టుండి వెలిగింది.

"నిచ్చెన సముద్రం వైపు పెట్టారు" అన్నాడాయన. "కొండ వైపు కదా ఉండాలి."

నెమోటో వెంటనే వెల్వెట్ పెట్టె తెరిచి చూశాడు. డాక్టరుగారి బండికి నిచ్చెన కొండ వైపే ఉంది. "తప్పే. నిచ్చెన కూడా చూసుకోకుండా ఎలా చేస్తారండీ వీళ్ళు" అని ముద్ర వేశాడు. టోఫు కొట్టు హిరగా, నిచ్చెన తప్పుగా ఉన్న బండిని ఇంట్లో పెట్టుకుంటే తనకు నిద్ర పట్టదన్నాడు. మే నెల నుంచి ఆ బండి కోసం భార్యకు తెలియకుండా డబ్బు దాస్తున్నది ఆ హిరగాయే.

లేస్తూ లేస్తూ అందరూ కౌంటరు దగ్గర ఆగి, వదినగారూ, ఆ బండి సంగతి కొంచెం ఆలోచిస్తాం అన్నారు. వద్దు అని ఎవరూ అనలేదు. కానీ కొంచెం ఆలోచించి తిరిగొచ్చినవాణ్ణి కినుయే ఇంతవరకు చూడలేదు. ఆ నెలాఖరుకు పక్క ఊళ్ళ వాళ్ళూ ఫోన్ చేసి కొంచెం ఆలోచిస్తామన్నారు.

డాక్టరుగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు ఎక్కడుందో మాత్రం కినుయేకు తెలుసు. ఆమె తల్లి రేవులో చేపలు కొని కొండ ఊళ్ళో అమ్మేది. బుట్టలు నీళ్ళు కారతాయని కండక్టరు లోపలికి రానిచ్చేవాడు కాదు. అందుకని తల్లి వాటిని ఆ నిచ్చెనకే కట్టేది, సముద్రం వైపు. బండిని తిప్పే ఏర్పాటు ఆ లైనులో లేదు. వచ్చేటప్పుడు వెనక్కే వచ్చేది. కాబట్టి నిచ్చెన పుట్టినప్పటి నుంచి పాతబడేదాకా సముద్రాన్నే చూసింది. డాక్టరుగారు తన బండికి ఆధారం చేసుకున్నది లైను మూసిన రోజున ఊరివాళ్ళు వేసిన పుస్తకంలోని ఫొటో. దాన్ని కుడి ఎడమగా తిప్పి అచ్చేశారు. బండి మీద మంచు పేరుకుని నంబరు కప్పబడిపోయింది గనక తిరగబడిన సంగతి ఎవరికీ పట్టలేదు.

బుధవారం డాక్టరుగారు టంకం తీగ కోసం వచ్చాడు. కొట్టులో ఇంకెవరూ లేరు. కినుయే టీ పోసింది. ఉప్పు బిస్కెట్ల పళ్ళెం పక్కన, సొరుగు సర్దుతూ మరిచిపోయినట్టు, ఒక పాత ఫొటో పెట్టింది. ప్లాట్‌ఫారం మీద తల్లి, నిచ్చెనకు రెండు బుట్టలు, బండి మీద తిన్నగా కనిపిస్తున్న మూడు అంకె.

డాక్టరుగారు ముందు మామూలుగా చూశాడు. తర్వాత భూతద్దం దించాడు. దాన్ని చాలాసేపటికి గాని పైకి ఎత్తలేదు.

"ఇది ఎవరెవరు చూశారు?"

"నేను. ఇప్పుడు మీరు."

"మీకు ఎప్పటినుంచి తెలుసు వదినగారూ?"

"మీరు ఆ ఇత్తడి బండి మొదటిసారి తెచ్చి చూపించిన రోజు నుంచి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"అప్పటికి మీరింకా రంగు వెయ్యలేదు డాక్టరుగారూ. చెబితే రంగు కొనేవాళ్ళా?"

డాక్టరుగారు బిస్కెట్ తీసుకుని తినకుండా పట్టుకున్నాడు. ఎంతమంది రోగుల పళ్ళు పీకి ఉంటాడో గాని, మత్తు మందు లేకుండా పీకించుకోవడం ఆయనకు ఇదే మొదలు. ఈ ఫొటో సొరుగులోనే ఉంటుంది కదా అని అడిగాడు.

"ఫొటో ఎక్కడికీ పోదు" అంది కినుయే. "కాకపోతే ఆ నలభై పెట్టెలూ ఎక్కడికీ పోయేటట్టు లేవు."

ఆయన టంకం తీగ మరిచిపోయి వెళ్ళాడు. తప్పు ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఒప్పుకోవాలనీ లేదు. తల వంచిన డాక్టరు వెనక సంఘం నిలవదు. సంఘం లేకపోతే రంగులూ తీగలూ ఎవరు కొంటారు? ఆయన ఏదో ఒక దారి వెతుక్కోవాలి, అంతే. చదువుకున్న మనిషి గనక వెతుక్కుంటాడని ఆమె ధైర్యం.

ఆదివారం ఆయన గీతలు గీసిన పెద్ద కాగితం తెచ్చి గోడకు అంటించాడు. మూడో నంబరు బండికి రెండు రూపాలున్నాయని నాలుగు రాత్రులు పరిశోధించి తేల్చానన్నాడు. తొలి రూపంలో నిచ్చెన కొండ వైపు. తర్వాత షెడ్డులో పెద్ద మరమ్మతు జరిగినప్పుడు, కొండ గోడకు గీసుకుంటోందని సముద్రం వైపుకు మార్చారు. తాను చేసింది తొలి రూపం. కంపెనీ చేస్తున్నది మలి రూపం. "రెండూ సరైనవే. మనవాళ్ళు తొందరపడి కంపెనీని ఆడిపోసుకున్నారు" అన్నాడు, ఆ మనవాళ్ళలో తాను లేనట్టు.

నెమోటో తన నోటుపుస్తకం తీసి మరమ్మతు ఏ సంవత్సరమో రాసుకున్నాడు. హిరగా కళ్ళు చికిలించి, తన మేనమామ ఆ షెడ్డులో పనిచేసేవాడని, నిచ్చెన విప్పిన రోజు వేలు నలిగిందని ఇంట్లో చెప్పుకునేవారని గుర్తు చేసుకున్నాడు. ఆ మేనమామ బతుకంతా బార్బరు. అది కినుయేకు తెలుసు, ఆమె భర్త జుట్టు కత్తిరించింది ఆయనే. ఆమె టీ కప్పులు నింపి బయటికి వచ్చింది.

లేచేటప్పుడు అందరూ కౌంటరు దగ్గర ఆగారు. ఈసారి ఎవరూ ఆలోచించలేదు. కొందరు తలా మూడు అడిగారు. ఒకటి నడపడానికి, ఒకటి దాచడానికి, ఒకటి నిచ్చెన పీకి అటు వైపు అతికించి తొలి రూపంగా మార్చుకోవడానికి. డాక్టరుగారి బండిలాంటిది తమకూ ఉంటుందన్నమాట. ఆయన మొహంలో ఏదో కదిలింది, కానీ నోరు తెరవడానికి ఆయనకు వీల్లేదు. కినుయే విడి నిచ్చెనలు, జిగురు, ఆ ఎరుపు రంగు సీసాలు కూడా తెప్పించింది. నవంబరులో బళ్ళు వచ్చిన పది రోజులకు ఒక్కటీ మిగల్లేదు.

మళ్ళీ మే వచ్చింది. టోక్యో నుంచి మళ్ళీ రంగుల కాగితం. మూడో నంబరు బండి, తొలి రూపం, నిచ్చెన కొండ వైపు, స్థానిక పరిశోధకుల సహకారంతో. అడుగున పేర్లు, మొదటిది డాక్టరుగారిది. నెమోటో తన పుస్తకమంతా కంపెనీకి పంపాడట. పెట్టెలో ఒక చిన్న చరిత్ర పుస్తకం కూడా ఇస్తారట, హిరగా మేనమామ వేలుతో సహా.

లోకంలో ఎన్నడూ లేని బండి అది. కినుయే సొరుగు లాగి ఫొటో చూసింది. తల్లి నిన్నటి చేపను ఇవాళ్టిదని ఒక్కనాడూ చెప్పలేదు. కొనేవాడు వాసన చూసి, ఆహా ఇవాళ్టిదే అంటే, కాదని కూడా చెప్పలేదు.

హోల్‌సేలు వాళ్ళ దగ్గర నుంచి ఫోన్ మోగింది. ఎన్ని రాసుకోమంటారని అడిగారు. కినుయే ఫొటోను బోర్లా పెట్టి సొరుగు మూసింది.

"నలభై ఎనిమిది" అంది. "నిచ్చెనలు విడిగా ఒక వంద. వీటిని మళ్ళీ మలి రూపానికి మార్చుకునేవాళ్ళుంటారు."