తూనీగ కుడి మోకాలు

శనివారం పొద్దున ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు కాగేవి వేన్నీళ్లు. టీ సంగతి తర్వాత. తూనీగ బకెట్టు తెచ్చి మంచం పక్కన పెట్టుకుని, కుడి మోకాలి చుట్టూ సబ్బు రాసి, బిగిసిపోయిన గాజు తీసినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పి ఊడదీసి మొగుడి చేతిలో పెట్టేది. ఆయన తనది తీసి ఆవిడకిచ్చేవాడు. ఆయన మోకాలు ఎప్పుడో పాడైపోయింది. మెట్లెక్కితే కటకటమంటుంది, వంగితే మళ్లీ లేవనంటుంది. దాన్ని తగిలించుకుని తూనీగ శనివారమంతా బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. కూర్చుని చేసే ఉద్యోగమేగా అనేవాడాయన.

ఇద్దరిదీ ఒకటే హాకీ క్లబ్బు. ఆయన మగవాళ్ల జట్టుకి కెప్టెన్, ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆవిడ ఆడవాళ్ల జట్టులో ఫార్వర్డు. బంతి మీద అలా వాలి ఇలా ఎగిరిపోతుందని తూనీగ అన్న పేరు పడింది. జాతీయ లీగులో మగవాళ్ల మ్యాచులు శనివారం, ఆడవాళ్లవి ఆదివారం కాబట్టి ఒక్క మోకాలితో ఇద్దరికీ జరిగిపోయేది. అంపైర్లు కర్రలు చూసేవాళ్లు, బూట్లు చూసేవాళ్లు, మోకాలు ఎవరిదని మాత్రం అడిగేవాళ్లు కాదు. క్లబ్బులో కట్లు కట్టే ఆయనైతే, మొదట్లో కాస్త బిగుతుగా ఉన్నా పరుగందుకుంటే అదే సర్దుకుంటుందని కెప్టెన్‌కి భరోసా ఇచ్చాడు.

మొదటి వారం కెప్టెన్ అడిగాడు, బతిమాలాడు కూడా. రెండో వారం చెయ్యి చాపాడు. ఆ తర్వాత చెయ్యి చాపడం కూడా దండగనుకున్నాడేమో, మంచం మీద కూర్చుని కాలు చాపేవాడు, అంతే. ఆదివారం తిరిగొచ్చే మోకాలు గీసుకుపోయి, కమిలిపోయి ఉండేది. తూనీగ నోరు మెదిపితే చాలు, అత్తగారు అందుకునేది. తను మామగారికి నడుమే ఇచ్చిందట, దాంతోనే పోయాడట మహానుభావుడు. నీది వారం వారం తిరిగొస్తోంది, సంతోషించవే అనేది. పాపం, ఆ మాటలన్నీ ఆవిడ నేలవైపు చూస్తూనే అనాల్సి వచ్చేది.

తూనీగకి ఇరవై తొమ్మిదేళ్లు. ఈసారి ఫైనల్‌కి జాతీయ జట్టు సెలెక్టర్లు ప్రత్యేకంగా తనని చూడటానికే వస్తున్నారని కోచ్ మేడం చెప్పింది. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదు, ఆ సంగతి చెప్పక్కర్లేదు. కెప్టెన్‌కి చెబితే సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు, ఉన్నమాట చెప్పుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, టీవీ వాళ్ల కోసం ఆ ఏడాది రెండు ఫైనళ్లూ ఒకే ఆదివారం, ఒకే మైదానంలో పెట్టారు. ముందు మగవాళ్లది, వెంటనే ఆడవాళ్లది. ఆట అవ్వగానే నేరుగా నీ గదికే వస్తాను, వేన్నీళ్లు సిద్ధంగా పెట్టుకో అన్నాడాయన.

పెట్టుకుంది. మగవాళ్ల ఆట సమంగా ముగిసి షూటౌట్‌ దాకా పోయింది. ఆఖరి గోలు కెప్టెనే కొట్టాడు. గోల్‌కీపర్ని తప్పించుకుంటూ కుడికాలి మీద గిర్రున తిరిగాడే, ఆ తిరుగుడు తూనీగది. జనం మైదానంలోకి దూకి ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. అట్నుంచటే లారీ ఎక్కించారు. లారీ ఊరేగింపుకి పోయింది. తూనీగ బకెట్టు ముందు కూర్చుని ఫోను చేస్తే, అది పక్క గదిలో ఆయన సంచీలోనే మోగింది. నీళ్లు చల్లారిపోయాయి. కడుపు మండిపోయేది ఎక్కడంటే, ఆ గంటసేపూ ఆ మోకాలితో ఆయనకి పనే లేదు. నేల మీద కాలు పెడితేగా.

కోచ్ మేడం ఇంక ఆగలేక రిజర్వులో ఉన్న చిన్నదాన్ని దింపింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. రెండు గోల్స్ కొట్టింది, రెండోది కొడుతూ కుడి మోకాలు మెలిపడి కూలిపోయింది. జట్టు గెలిచింది. సెలెక్టర్లు ఆ పిల్ల పేరు రాసుకుని లేచారు. బెంచీ మీద కూర్చున్న తూనీగ అందరితోపాటు చప్పట్లు కొట్టింది, చేతులు మంటెత్తేలా కొట్టింది.

మర్నాడు కెప్టెన్ మెడలో పతకంతో మోకాలు తెచ్చిచ్చాడు. ఏం చెయ్యను, దిగనిస్తేగా అన్నాడు. ఈ వయసులో ఆ పరుగేమిటని పేపర్లన్నీ మెచ్చుకున్నాయి, జాతీయ శిబిరానికి ఆయనకీ పిలుపొచ్చింది. వచ్చే సోమవారమే ప్రయాణం. చిన్నదానికీ అదే రోజు. కానీ మోకాల్లో నరం తెగింది, ఇక పరుగు మాట మర్చిపోవాల్సిందేనని డాక్టరు చెప్పాడట.

శుక్రవారం డ్యూటీ దిగి తూనీగ చిన్నదాని హాస్టలుకి వెళ్లింది. వేన్నీళ్లు అడిగి, సబ్బు తన సంచీలోంచే తీసింది. పిల్ల ఏడుపు ఆపుకుని మోకాలు తగిలించుకుంది, లేచి నిలబడి చూసుకుంది.

"మళ్లీ ఎప్పుడు తెచ్చివ్వాలక్కా?"

ఇన్నాళ్లలో తూనీగని ఆ మాట అడిగినవాళ్లు లేరు. అక్కర్లేదు, అరిగేదాకా ఆడుకోమని చెప్పి, కుంటుకుంటూ బస్సెక్కింది.

సోమవారం పొద్దున కెప్టెన్ పెట్టె సర్దుకుని, మంచం మీద కూర్చుని కాలు చాపాడు.

"నీళ్లు కాగాయా?"

"పెట్టలేదు."

"బండొచ్చే టైమైంది."

తూనీగ ఎదురుగా కుర్చీలో కూర్చుని మోకాలు చూపించింది. వాచి, నీలంగా కమిలి ఉంది. అది ఆవిడది కాదని ఆయన ఇట్టే పోల్చుకున్నాడు. ఆవిడ కంటే ఆయనకే బాగా తెలుసు మరి. ఎవరిదని అడిగితే చిన్నదానిదని చెప్పింది.

"నన్నొక్క మాట అడగాలని తోచలేదా నీకు?"

తూనీగకి నవ్వు రావాల్సింది, రాలేదు. తను కూడా ఇక కర్ర పట్టదు. ఆ ఏడుపంతా హాస్టల్నుంచి వచ్చే బస్సులోనే ఏడ్చేసింది.

"దిగులెందుకండీ? నా మోకాలు జాతీయ జట్టుకే వెళ్తోంది."

వంటింట్లో అత్తగారు శాపనార్థాలు ఎత్తుకుంది, ఎందుకో సగంలోనే ఆపేసింది.

గుమ్మం దగ్గర బెల్లు మోగింది. క్లబ్బువాళ్లు దండలతో వచ్చారు. కెప్టెన్ మంచంకోడు పట్టుకుని లేవబోయాడు. మోకాలు కటకటమంది, కూలబడ్డాడు. వెళ్లి తలుపు తియ్యమన్నట్టు అలవాటుగా పెళ్లాం వైపు చూశాడు.

వాచిన కాలితోనైనా ఆవిడ నాలుగడుగులు వెయ్యగలదు. వెయ్యలేదు.